ఉన్నదున్నట్టు రాస్తే

1998 ఫిబ్రవరి 12, గురువారం. తెల్లవారుజామున పట్టిన మంచు తొమ్మిదింటికి గానీ విడలేదు. విడిచాక కూడా ఎండ వచ్చిందనడానికి లేదు, ఎదుటి మేడ గోడ మీద పాలిపోయిన మరక లాంటిది కనిపించిందంతే. ఆ వెలుగులోనే అక్క కళ్ళజోళ్ళ దుకాణానికీ, చిన్నది గ్రంథాలయానికీ బయలుదేరారు. నాన్న వాళ్ళ వెనకాల తలుపు వేసుకుని, దగ్గుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రోజూ జరిగేది అదే.

అక్క పని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. అమ్మ పోయేనాటికి ఆమె కాలేజీలో చేరి రెండు నెలలైంది, చిన్నదానికి ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, ఎవరో ఒకరు సంపాదించాలి. రెండూ అక్కే అయింది. పదిహేనేళ్ళుగా అదే దుకాణంలో ఉండటం వల్ల ఆమెకి మనుషుల ముఖాలు గుర్తుండవు, ముక్కుల వెడల్పు గుర్తుంటుంది. దారిలో ఎవరైనా పలకరిస్తే ముందు చెవుల వెనక చూస్తుంది, జోడు సరిగ్గా కూర్చుందో లేదోనని.

చిన్నదానికి మొక్కల తెగుళ్ళ మీద చదవాలని కోరిక. సముద్రాల అవతలి విశ్వవిద్యాలయం ఒకటి సీటిచ్చింది, డబ్బు మాత్రం ఇవ్వలేదు. ఆగస్టు లోపల ఎవరో ఒకరు ఖర్చు భరిస్తామని రాసివ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. అందుకని రోజూ గ్రంథాలయంలో ఉపకారవేతనాల పుస్తకం ముందు కూర్చునేది. అది ఇటుకంత మందం, బల్లకి గొలుసుతో కట్టేసి ఉంటుంది. గొలుసు పుస్తకాన్ని కాపాడింది గానీ పేజీలని కాపాడలేదు. ముందొచ్చినవాళ్ళు పనికొచ్చే పేజీ చూసుకుని, వెనకొచ్చేవాళ్ళకి దక్కకుండా చింపుకుపోయేవారు. మిగిలినవన్నీ విడ్డూరాలు: నావికుల అనాథ పిల్లలకి, ఎడమచేతివాటం వాళ్ళకి, తేనెటీగలు పెంచినవాళ్ళ మునిమనవలకి.

"నాన్నా, మీ తాతగారు తేనెటీగలు పెంచారేమో గుర్తుతెచ్చుకో."

"కుట్టించుకున్నాడు. సరిపోతుందా?" అన్నాడు నాన్న.

ఎవరైనా దరఖాస్తు పెట్టుకోదగ్గవి మూడు దొరికాయి. మూడూ అడిగింది ఒకటే: మీ ఇబ్బందులేమిటో మీ మాటల్లో రాయండి. చిక్కు అక్కడే వచ్చింది. కొందరి వంశంలో పిల్లికళ్ళు ఉన్నట్టు, అమ్మ వైపు వాళ్ళకి ఒక గుణం ఉంది. ఏదైనా ఉన్నదున్నట్టు, మనసు పెట్టి, పూర్తిగా రాస్తే అది ఇంట్లోంచి వెళ్ళిపోతుంది. సగం సగం రాస్తే ఏమీ కాదు. అందుకే అమ్మమ్మ సరుకుల చీటీ కూడా పరధ్యానంగా రాసేది. చిన్నది మూడో తరగతిలో 'మా పిల్లి' అని వ్యాసం రాస్తే మొదటి బహుమతి వచ్చింది, పిల్లి పోయింది. అప్పట్నుంచి టీచరమ్మ ఆమెకి ఏనుగు గురించో ఎడారి గురించో రాయమని ఇచ్చేది.

మొదటి సంస్థకి వెనకగది పైకప్పు కారడం గురించి రాసింది. కవరు అంటించేసరికి కింద పెట్టిన బకెట్టులో చుక్క పడటం ఆగిపోయింది. అందరికీ సంతోషమే. ఆ సంస్థ మాత్రం వెయిటింగ్ లిస్టులో పెట్టామని రాసి ఊరుకుంది. రెండో సంస్థకి నాన్న దగ్గు గురించి రాసింది. ఆ దగ్గూ పోయింది. నాన్న హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టాడు గానీ, చప్పుడు లేకుండా గదిలోకి వచ్చి అందరినీ హడలగొట్టేవాడు. రెండో సంస్థ కుదరదంది. ఈ సంగతి తెలిసి బాబాయి పరుగెత్తుకొచ్చాడు.

"మా ఇంటి ఓనరు గురించి రాసిపెట్టమ్మా, నీకు పుణ్యం ఉంటుంది."

"ఆయన్ని నేను చూడలేదు కదా బాబాయ్, మనసు పెట్టి ఎలా రాయను?"

అయినా మొహమాటానికి నాలుగు ముక్కలు రాసింది. ఓనరు ఎక్కడికీ పోలేదు, పైపెచ్చు అద్దె పెంచాడు.

ఇక మూడో సంస్థకి కూడా రాసి పంపింది. ఆ మర్నాడు అక్క తల దువ్వుకుంటూ గోడ మీది అమ్మ ఫొటో వైపు చూసింది. ఫొటో స్టూడియో అద్దంలో పెట్టిన ఎవరో తెలియని ఆవిడని చూసినట్టుంది.

"చిన్నదానా, ఏం రాశావే?"

"అమ్మ గురించి కాదక్కా. అమ్మ లేకపోవడం గురించి."

"అంతా రాశావా?"

"అది కొంచెం రాస్తే ఎలా వస్తుంది?"

అక్క దువ్వెన పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. ఏడుద్దామని చూసింది. "నాకూ రావట్లేదు," అన్నాడు నాన్న టీ గ్లాసులోకి చూస్తూ.

ఆ ఉత్తరం చదివిన సంస్థ పరిశీలనకి మనిషిని పంపింది. గొడుగు చేత్తో పట్టుకుని, ఒక పెద్దాయన. మిగతా రెండు సంస్థలకి పెట్టిన దరఖాస్తుల నకళ్ళు కూడా తెప్పించుకున్నాడు. వెనకగదిలో కుర్చీ ఎక్కి గొడుగు కొనతో పైకప్పు తట్టాడు, పొడిగా మోగింది. నాన్నని దగ్గమన్నాడు. నాన్న శక్తికొద్దీ ప్రయత్నిస్తే, ఉపన్యాసం మొదలెట్టబోయేవాడు గొంతు సవరించుకున్నట్టు వచ్చింది. అమ్మ సంగతి అడిగాడు. ముగ్గురూ వరసగా, బస్సు వేళలు చెప్పినట్టు చెప్పారు.

"అమ్మాయ్, నువ్వు రాసింది చదివి మా ఆవిడ రెండ్రోజులు ముద్ద ముట్టలేదు," అన్నాడు గొడుగాయన. "కానీ ఇక్కడ ఏముంది?"

"రాస్తే పోతాయండీ. అమ్మ వైపు నుంచి వచ్చింది."

"పోతాయి, కాదన్లేదు. మా మేనత్తకీ ఉండేది. కానీ పరిశీలన నాటికి ఇబ్బంది ఇంట్లో ఉండాలమ్మా. నిబంధన అలా ఉంది, నేనేం చెయ్యను?"

ఆయన నిజంగానే బాధపడ్డాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు.

ఇంక ఒకే ఒక్కటి మిగిలింది. విశ్వవిద్యాలయం వాళ్ళ సొంత ఉపకారవేతనం. వాళ్ళు ఇబ్బందులు అడగలేదు. మిమ్మల్ని ఇంతవాళ్ళని చేసిన మనిషి గురించి రాయండి అన్నారు.

"నా గురించి రాయి," అంది అక్క, కూరగాయలు తరుగుతూ.

"నోర్ముయ్."

"నేనే కదే పెంచింది. ఇంకెవరి గురించి రాస్తావు, బాబాయి గురించా?"

"రాస్తే పీడా పోతుంది."

"నవ్వులాటకి కాదు. పోతే ఎక్కడికి పోతాను? ఎక్కడో ఒకచోట ఉంటాను కదా."

"ముందు పిల్లి ఎక్కడుందో చెప్పు."

చిన్నది అక్క గురించే రాసింది గానీ, కావాలని అక్కడా ఇక్కడా వదిలేస్తూ, పైపైన రాసింది. అలాంటి రాతకి ఎలాంటి జవాబు రావాలో అలాంటిదే వచ్చింది.

జూన్‌లో ఆమె విత్తనాల కొట్లో పనికి కుదిరింది. పొట్లాలు కట్టే పని. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అడిగినదానికి ఊఁ అనీ ఊహూఁ అనీ చెప్పి, అక్కతో కలిసి పడుకునే మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. కుండీలో మొక్కకి ఆకుల మీద మచ్చలొస్తే వంగి చూడను కూడా చూడలేదు. అక్కకి భయమేసింది అప్పుడే. తను కాలేజీ మానేసిన ఏడాది తనూ ఇలాగే గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ గోడలో ఏముంటుందో ఆమెకి తెలుసు.

ఆ గుణం అక్కకి కూడా ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఆమెకి రాసే తీరిక ఎవరిచ్చారు? అద్దాల నంబర్లు తప్ప ఇంకేమైనా రాసి పదిహేనేళ్ళయింది. ఒక మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేనప్పుడు పాత చీటీలు తిరగేసి, వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. చిన్నది పువ్వు చూడదనీ, ముందు ఆకు తిప్పి అడుగు చూస్తుందనీ. ఆకలేస్తే ఆకలని చెప్పదు, తగువు పెట్టుకుంటుందనీ. ఊడిన పన్ను దాచుకుని, అమ్మొచ్చాక చూపిస్తానని మొండికేసిందనీ. అబద్ధమాడేటప్పుడు మర్యాదగా మాట్లాడుతుందనీ.

"ఏంటమ్మా రాస్తున్నావు?" అన్నాడు దుకాణం యజమాని.

"చెల్లెల్ని."

"కానీయ్. సాయంత్రానికి ఆ తాతగారి జోడు మాత్రం కావాలి."

రాసిన చీటీలు ఎవరికీ పంపలేదు. సొరుగులో పడేసి తాతగారి జోడు బిగించింది.

జూలై చివర్లో మొదటి సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. లిస్టులో పైనున్న కుర్రాడెవరో మానుకున్నాడట, ఖర్చంతా భరిస్తామన్నారు. చిన్నది దాన్ని పట్టుకుని సరాసరి దుకాణానికి వచ్చింది. సంతోషం ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది ఆ ముఖంలో.

"రాశావా?"

"రాశాను."

"అంతానా?"

"ఒక్కటి వదిలేశాను."

"ఏంటది?"

"చెప్తే వదిలేసినట్టెలా అవుతుందే?"

చిన్నది గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూలబడి, కళ్ళు పరీక్ష చేసే బరువైన ఫ్రేము తీసి పెట్టుకుంది. దళసరి అద్దాల వెనక ఆమె కళ్ళు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియలేదు.

"రెండేళ్ళే అక్కా. తిరిగొచ్చేస్తాను."

"రావులే," అంది అక్క, ఆ ఫ్రేము ముక్కు మీద సరిచేస్తూ. కారడం తిరిగి రాలేదు, దగ్గు తిరిగి రాలేదు.

ఉత్తరాలు మొదట పొడుగ్గా వచ్చాయి, తర్వాత పొట్టిగా. రెండుసార్లు టిక్కెట్టు కొంది. ఒకసారి జ్వరం, ఒకసారి విమానాల సమ్మె. ఒక చలికాలం రాసింది: 'ఇక్కడ అందరూ మేజోళ్ళ మీద మేజోళ్ళు వేసుకుంటారు. నాకు మాత్రం పాదాలు చల్లబడవు. ఎందుకో మరి.' ఆ ముక్క అక్క నాన్నకి చదివి వినిపించలేదు.

ఆరో ఏట నాన్న ఒక్క దగ్గయినా దగ్గకుండా, నిద్రలోనే పోయాడు. చిన్నది రాలేకపోయింది. ఆయన కుర్చీ బాబాయికి వెళ్ళింది. చేతి గడియారం కూడా బాబాయే అడిగి తీసుకున్నాడు. కారని వెనకగది ఆ ఇల్లు అద్దెకిచ్చినాయనకి దక్కింది, దాని మీద అద్దె పెంచాడు. అక్క ఒక చిన్న గదిలోకి మారింది. అమ్మ ఫొటోని దింపుకోవాలని ఎవరికీ తోచలేదు, అది తర్వాత అద్దెకొచ్చినవాళ్ళకి మిగిలింది. మంచం అక్కకి వచ్చింది. రోజూ దీపం తీసేశాక, చిన్నప్పట్నుంచీ వచ్చినట్టే, దుప్పటి కింద, చీటీల్లో రాయకుండా వదిలేసిన చిన్నదాని చల్లటి పాదాలు రెండూ వచ్చి ఆమె పిక్కలకి ఆనుకుంటాయి. ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత వాటిని తన పాదాల మధ్య పెట్టుకుని పడుకుంటుంది.

చిన్నదానికి ఏమీ రాలేదు.