కుళాయి పాలు మాన్పించిన కండక్టరమ్మ

ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి నిలబడి, రిటైరయ్యాక కండక్టరమ్మకు కుర్చీలో కూర్చుంటే కళ్లు తిరిగేవి. అందుకని పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, తండ్రి వదిలిపోయిన పశువుల కొట్టంలో అటూ ఇటూ నడుస్తూ తాగేది. ఆ ఖాళీ కొట్టం మీద అన్నకు ఎప్పట్నుంచో కన్ను. పశువుల పోటీలో పదకొండేళ్లుగా మొదటి బహుమతి రిబ్బను ఆయన దూడకే. నిద్రపోయేటప్పుడు మీసానికి కూడా రిబ్బను కట్టుకుంటాడని చెప్పుకునేవారు.

"దూడ లేనిదానికి కొట్టం ఎందుకే? తాళంచెవి ఇచ్చెయ్," అన్నాడు ఒకరోజు.

"లేకపోతే కొంటాను. ఈసారి పోటీలో నా దూడ గెలిస్తే మళ్లీ కొట్టం మాటెత్తకు. ఓడితే తాళంచెవి నీదే."

మర్నాడే వెళ్లి ఎర్ర పెయ్యదూడను కొనుక్కొచ్చింది. నడుము బల్లపరుపు, నడక మహారాణి. వయసు మాత్రం రెండు నెలలే. తల్లిది తొలిచూలు. ఆ ఆవు ఎముకలు లెక్కపెట్టడం కాదు, వాటి సందుల్లోంచి అవతలి చెట్టుకున్న కాయలు లెక్కపెట్టొచ్చు. "ఇప్పుడు పాలు మాన్పించకపోతే తల్లి దక్కదమ్మా," అన్నాడు అమ్మిన రైతు.

అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "రెండు నెలలకే మాన్పిస్తావా? పోటీ నాటికి అది పిల్లి అవుతుంది!"

"పాలు మానిన దూడల్నే కదా పోటీలోకి రానిచ్చేది?"

"మా దూడ కూడా ఆపాటికి మానేస్తుందిలే," అన్నాడు ఎటో చూస్తూ.

ఆ సాయంత్రం దూడ "అంబా" అంది. ఆ అరుపుకు మూడు వీధుల్లో గోడ గడియారాలు ఆగిపోయాయి. ఆరు మైళ్ల అవతల రైతు ఇంట్లో తల్లి ఆవు పాలు చేపింది. ఇక్కడ కండక్టరమ్మ పెరటి కుళాయిలో పాలొచ్చాయి. వెచ్చగా, నురగతో సహా.

కుళాయి మేస్త్రీ వచ్చి చూశాడు. "దూడకి పాలు మాన్పిస్తున్నారా? అయితే వస్తాయండి. పైపుకేం ఢోకా లేదు," అని తనూ ఓ చెంబు పట్టుకుపోయాడు.

వీధి వీధంతా బిందెలతో దిగింది. దూడ కుళాయికి నోరు పెట్టి తాగిందే తప్ప దాణా తొట్టి వైపు తోక కూడా తిప్పలేదు.

"పాపం పసిది, తాగనివ్వండి వదినా," అంది పక్కింటావిడ, తన బిందె ముందుకు జరుపుతూ.

రెండో రోజు రైతు ఫోన్ చేశాడు. "దూడ మీ దగ్గరుందా, ఇక్కడే ఉందా అమ్మా? మా ఆవు ఇంకా కరిగిపోతోంది."

అంతే. కండక్టరమ్మ కుళాయికి గోనెపట్టా చుట్టి, దాని మీద తన పాత ఖాకీ చొక్కా బిగించి కట్టింది. "ఇంక ఎవరూ లైన్లో నిలబడక్కర్లేదు. ఈ బండి ఇక్కడితో ఆఖరు!"

దూడ మూడు రోజులు అరిచింది. పక్కింటావిడ చెవుల్లో దూది పెట్టుకుంటే ఆ దూది కూడా అరిచింది. కండక్టరమ్మ మెత్తబడలేదు. తడి దాణా వేళ్లకు రాసి దూడ నోట్లో పెట్టేది. అది చప్పరించగానే చేతిని మెల్లగా తొట్టిలోకి దించేది. "రైట్ రైట్" అంటే నమలాలి, "హోల్డాన్" అంటే కదలకూడదు. దూడ ఉమ్మేసేది, ఆవిడ మళ్లీ రాసేది. అది చప్పరించీ చప్పరించీ ఆవిడ వేలిముద్రలు అరిగిపోయాయి.

నాలుగో రోజు పొద్దున దూడ తనంతట తానే తొట్టిలో తల పెట్టింది. చొక్కా విప్పి కుళాయి తిప్పితే వచ్చినవి నీళ్లు. ఉత్త నీళ్లు. వీధంతా ముక్కు చీదింది. కండక్టరమ్మ ఆ నీళ్లతోనే హాయిగా ముఖం కడుక్కుంది. సాయంత్రానికి రైతు మళ్లీ ఫోన్ చేశాడు, ఆవు మేత ముట్టిందని.

నాలుగు నెలలకు పోటీ వచ్చింది. అన్న దూడ ఎంతలా మెరిసిందంటే, జనం దాని డొక్కలో చూసుకుని తల దువ్వుకున్నారు. జడ్జి రిబ్బను తీసి దాని మెడ దగ్గరకు చెయ్యి చాపాడు.

"అంబా!" అందది.

పక్కనే దూడల్ని కడిగే రబ్బరు పైపు ఉబ్బి, జడ్జి బూట్ల నిండా పాలు కుమ్మరించింది. అన్న దూడ అన్నను ఈడ్చుకుంటూ వెళ్లి పైపు అందుకుంది. ఆ వాసనకు మిగతా దూడలన్నీ యజమానులతో సహా అటే పరుగు.

"హోల్డాన్," అంది కండక్టరమ్మ.

ఎర్ర దూడ ఒక్క చెవి కదిపింది. అంతే.

జడ్జి తన బూట్లు చూసుకుని, పాలు కారుతున్న అన్న మీసం వైపు చూశాడు. "మానిన దూడా ఇది?"

"పొద్దున ఒక్క గుక్కేనండీ..."

రిబ్బను ఎర్ర దూడ మెడకెక్కింది.

ఆ సాయంత్రమే అన్న దూడను పట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. "చెల్లాయ్, ఇంట్లో కుళాయి ఆగట్లేదే. ఆవేమో సగమైపోయింది."

కండక్టరమ్మ నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి కొట్టం రెండో వైపు తలుపు తెరిచింది. "లోపల ఖాళీయే. ముందుకు జరుగు అన్నయ్యా, ఇంకొంచెం ముందుకు." దాణా తడిపి ఆయన చెయ్యి అందుకుంది.

"వేళ్లు చాపు. మూడు రోజులు పడుతుంది."