పన్నెండు అడుగులు

కెనడా నుంచి ఫిజియోథెరపీ విద్యార్థులు వస్తున్నారని ట్రస్టు కార్యదర్శి జయచంద్ర ఫోన్ చేసినప్పుడు, చంద్రిక నేతగాడు శ్రీరంగప్ప ఇంట్లో ఆయన కుడిచేతిని రాట్నం పిడికి గుడ్డతో కడుతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, సరే సార్, సరే సార్ అంటూనే ముడి వేసింది.

శ్రీరంగప్ప పట్టుచీరలు నేసిన మనిషి. ధర్మవరం పక్క పల్లెలో ముప్పై అయిదేళ్లు గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్ల కిందట ఒక పొద్దున మగ్గంలోంచి లేవబోయి పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. నోరు మాత్రం నెల తిరక్కుండానే తిరిగొచ్చింది. "వచ్చేది కాలన్నా రాకపాయ, నోరొచ్చింది" అనేది ఆయన భార్య నాగలక్ష్మమ్మ. అనేసి, ఆయన వదిలేసిన మగ్గంలో తను దిగి కూర్చునేది.

చంద్రిక మడకశిర దగ్గర గొర్రెలు మేపే ఇంట్లో పుట్టింది. వాళ్ల ఊళ్లో ఫిజియోథెరపీ చదివిన మొదటి పిల్ల. పల్లెల్లో వైద్యసాయం చేసే ఆ ట్రస్టు తరఫున స్కూటీ మీద తిరిగేది. శ్రీరంగప్ప ఇంటికి వారానికి రెండుసార్లు వచ్చేది. మొదటి మూడు నెలలూ ఆయన పడిపోకుండా మంచం అంచున కూర్చోవడానికే పట్టింది. తర్వాత మంచం మీంచి కుర్చీలోకి. ఆ తర్వాత రాట్నం. చచ్చుబడిన చేతిని పిడికి కట్టేస్తే భుజం బలంతో చక్రం తిరిగేది, ఎడమచేత్తో రేషం, అంటే పట్టు పోగు, పట్టుకునేవాడు. ఎనిమిదో నెలకు రోజుకు పది కండెలు చుట్టగలుగుతున్నాడు. ఆయన చుట్టిన రేషమే నాగలక్ష్మమ్మ నేసేది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ మాట ఆయనే చెప్పేవాడు, అడక్కపోయినా.

నడక గురించి అడిగితే చంద్రిక అబద్ధం చెప్పలేదు. "పాదం వాలిపోతాంది పెదనాయనా. మోకాలు వెనక్కి విరుగుతాంది. తొందరపడితే కీలు చెడిపోతాది. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడా? సరేలే మా, యాడికి పోతాం మనం" అని నవ్వేవాడు.

విద్యార్థులు ఫిబ్రవరిలో దిగారు. ఆరుగురు, వాళ్లతో ఎలెన్ అనే ప్రొఫెసరమ్మ. పద్నాలుగు రోజుల శిబిరం. ఒక్కొక్కరికీ ఒక్కో రోగిని అప్పగించాలి, ఆఖరి రోజు సభలో ఆ రోగికి ఎంత నయమైందో చూపాలి. శ్రీరంగప్ప పేరు జయచంద్రే రాశాడు.

"ఆయనకింకా టైముంది సార్" అంది చంద్రిక.

"పట్టుచీరలు నేసిన మనిషి మళ్లా లేచి నిలబడినాడంటే ఆ ఫోటో ఎట్లుంటాదో చూడు. ఆయన్ను వదిలి ఎవర్ని పెట్టమంటావు?"

శ్రీరంగప్ప హానా అనే అమ్మాయి వంతుకు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. వచ్చిన రెండో రోజుకే ముక్కు ఎండకు కందిపోయి పొట్టు లేచింది. మంచి పిల్ల. ఆ మాట చంద్రిక తర్వాత కూడా కాదనలేకపోయింది. నేల మీద బాసింపట్టు వేసుకుని ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకునేది. "నొప్పి", "బాగుందా", "ఇంకొక్కసారి" అనే మాటలు అరచేతిలో రాసుకుని నేర్చుకుంది. ఆయనకు ఆ పిల్ల నోట తెలుగు వింటే ముద్దొచ్చేది. "సూడు, మన మాట ఎట్ల పలుకుతాందో" అని భార్యను పిలిచి చూపించేవాడు.

హానా దగ్గర ఒక పట్టీ ఉంది. మోకాలి కింద నుంచి పాదం దాకా పట్టి ఉంచే తేలికైన నల్ల తొడుగు. అది వేసుకుంటే పాదం వాలదు. అలాంటిది చంద్రిక పుస్తకాల్లో బొమ్మగా చూసిందే తప్ప చేత్తో ముట్టింది లేదు. అది ఆయన కాలికి వేసి, చేతికి వాకరిచ్చి, నడుముకు బెల్టు కట్టి, నాలుగో రోజున హానా ఆయన్ను నిలబెట్టింది. అయిదో రోజు రెండడుగులు వేయించింది.

చంద్రిక ఆ సాయంత్రం ఎలెన్‌తో చెప్పింది. పట్టీ పాదాన్ని ఆపుతోంది కానీ మోకాలిని ఆపడం లేదు, తొడ కండరాలకు ఇంకా బలం రాలేదు, ముందు కూర్చుని లేవడం గట్టిపడాలి అని. ఎలెన్ శ్రద్ధగా విని, తలాడించి, నోటుబుక్కులో రాసుకుంది. రోగికి ఉత్సాహం రావడం కూడా వైద్యంలో భాగమేనంది. జయచంద్ర చంద్రికను వరండాలోకి పిలిచాడు.

"నువ్వీడ తర్జుమాకు ఉండావమ్మా. వైద్యం వాళ్లు చూసుకుంటారు."

"నేనూ అదే చదివినా సార్."

"చదివినావు, ఎవరు కాదన్నారు?" అని లోపలికి వెళ్లిపోయాడు.

తొమ్మిదో రోజు శ్రీరంగప్ప ఆరడుగులు వేసి ఆగిపోయాడు. మొహం చెమటతో తడిసిపోయింది. కింది పెదవి పళ్లతో నొక్కిపట్టాడు. హానా వెంటనే ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి మీద చెయ్యి వేసి, "నొప్పి?" అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమె నమ్మలేదు. చంద్రిక వైపు తిరిగింది.

"దయచేసి సరిగ్గా అడగండి. నొప్పి ఉంటే ఆపేస్తాను. ఆఖరి రోజు చూపించకపోయినా ఫర్వాలేదు."

చంద్రిక అడిగింది. శ్రీరంగప్ప తల దించుకుని నెమ్మదిగా చెప్పాడు.

"ఉండాది మా. మోకాలి వెనకాల సూదులు దించినట్ల ఉండాది. రాత్రంతా పీకుతానే ఉండాది. ఆ పాపకు చెప్పొద్దు. అంత దూరం నుంచి వచ్చింది, నా కాలు ఒళ్లో పెట్టుకుంది. ఇంగ అయిదు దినాలేగదా. నన్ను నడవనీ."

నాలుగడుగుల దూరంలో జయచంద్ర నిలబడి ఉన్నాడు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. చంద్రిక వైపు చూశాడంతే. వచ్చే నెల ఆమె ఉద్యోగం పొడిగించే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. హానా కళ్లెత్తి ఎదురుచూస్తోంది.

"అలసిపోయాడట. నొప్పి లేదంటున్నాడు" అంది చంద్రిక ఇంగ్లీషులో.

హానా గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది. థాంక్యూ అంది.

సభ రోజు ట్రస్టు ముందు షామియానా వేశారు. బయట గాలి దుమ్ము లేపుతోంది. మండలం నుంచి పెద్దలొచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. శ్రీరంగప్పకు కొత్త పంచె కట్టించారు, కింద పట్టీ కనిపించేలా. వాకరు పట్టుకుని, హానా బెల్టు పట్టుకుని ఉండగా, ఆయన పన్నెండు అడుగులు వేశాడు. ఒక్కో అడుగుకీ మోకాలు వెనక్కి విరగడం చంద్రికకు దూరం నుంచే కనిపించింది. ఎవరో లెక్కపెట్టడం మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. పన్నెండు దగ్గర చప్పట్లు. నాగలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. హానా ఏడుస్తూ ఆయన్ను కావిలించుకుంది. ఆయన మాత్రం ఏడవలేదు. మొదటి వరసలోని పెద్దల వైపు చూస్తూ నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

మరునాడు సామాన్లు సర్దుతుంటే నాగలక్ష్మమ్మ వచ్చి పట్టీ అడిగింది. చంద్రిక తర్జుమా చేసింది. హానా ఎలెన్ వైపు చూసింది. అది కాలేజీ లేబరేటరీ వస్తువు, పిల్లల పాఠాలకు కావాలి, తిరిగి ఇచ్చెయ్యాలి అంది ఎలెన్. నిజంగానే బాధపడుతూ అంది. హానా కళ్లనీళ్లు పెట్టుకుని, తన పేరు రాసిన టీషర్టు ఒకటి నాగలక్ష్మమ్మ చేతిలో పెట్టింది. వాకరు తర్వాతి శిబిరానికి పనికొస్తుందని జయచంద్ర స్టోరు గదిలో పెట్టి తాళం వేయించాడు.

"మళ్లా ఎప్పుడొస్తారంట?" అని అడిగింది నాగలక్ష్మమ్మ.

"వచ్చే ఏడు. వేరే పిల్లలు" అంది చంద్రిక.

ఆ తర్వాత శ్రీరంగప్ప రాట్నం దగ్గరికి రానన్నాడు. చంద్రిక చేతికి గుడ్డ కట్టబోతే చెయ్యి లాక్కున్నాడు.

"ఇది ఆడోళ్లు, ముసలోళ్లు చేసే పని. నేను నడిచినోణ్ణి. నలుగురూ సూసినారు."

"పట్టీ లేకుండా కుదరదు పెదనాయనా. తిరుపతిలో చేస్తారేమో కనుక్కుంటాండా. అంతదాకా ఆగు."

"ఆగు, ఆగు. ఎనిమిది నెల్లు ఆగు ఆగు అనే అంటివి. రాట్నం ముందర నన్ను కట్టేసి కూసోబెడితివి. ఆ పాప పద్నాలుగు దినాల్లో నడిపిచ్చింది."

చంద్రిక గుడ్డ మడిచి రాట్నం మీద పెట్టింది. నొప్పి సంగతి ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు. ఇద్దరూ ఆ మాటెత్తలేదు.

విద్యార్థులు వెళ్లిన పదకొండో రోజు నాగలక్ష్మమ్మ క్యాను పట్టుకుని నీళ్ల ప్లాంటుకు వెళ్లిన సమయంలో ఆయన ఎడమచేత్తో కర్ర పట్టుకుని మంచం మీంచి లేచాడు. నాలుగడుగులో అయిదడుగులో వేసినట్టున్నాడు. పాదం నేలకు తట్టుకుని మగ్గం గుంతలో పడ్డాడు. ఆమె తిరిగొచ్చేసరికి పోగుల కింద, గుంతలో, కాలు అడ్డంగా తిరిగి ఉంది. తొడ ఎముక తుంటి దగ్గర విరిగింది. అనంతపురంలో ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. ఇంటికి తెచ్చాక ఆయన అరగంట కూడా కుర్చీలో కూర్చోలేకపోయాడు. కూర్చోలేనివాడికి రాట్నం లేదు. ఆయన్ను తిప్పి పడుకోబెట్టడానికే పూటంతా సరిపోయి నాగలక్ష్మమ్మ మగ్గం ఆపేసింది. సగం నేసిన చీరను మగ్గం మీంచి నేతకు పట్టు ఇచ్చే షావుకారు మనుషులు వచ్చి కోసుకెళ్లారు.

ఆ రోజుల్లోనే ట్రస్టు గోడ మీద పెద్ద ఫోటో వెలిసింది. వాకరు పట్టుకున్న శ్రీరంగప్ప, పక్కన హానా. చంద్రిక రోజూ దాని ముందునుంచే లోపలికి వెళ్లేది.

అక్టోబరులో హానా దగ్గర్నుంచి ట్రస్టుకు ఉత్తరం వచ్చింది. చదువు అయిపోయింది, ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, ఇంటర్వ్యూలో శ్రీరంగప్ప గురించే చెప్పాను, ఆయన ఇప్పుడు ఎంత దూరం నడుస్తున్నాడు అని అడిగింది. జయచంద్ర ఆ ఉత్తరం చంద్రికకు ఇచ్చాడు.

"బాగుండాడని రెండు ముక్కలు రాసెయ్. నీకు ఇంగ్లీషు బాగొచ్చు."

చంద్రిక ఇంటికెళ్లి రాసింది. పడిన సంగతి రాసింది, తుంటి సంగతి రాసింది. అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆపలేదు. 'ఆ రోజు నువ్వు సరిగ్గా అడగమన్నావు. ఆయన నొప్పి ఉందనే చెప్పాడు. లేదని చెప్పింది నేను' అని రాసి, మళ్లీ చదివితే పంపలేనని చదవకుండానే పంపింది.

హానా నుంచి జవాబు రాలేదు. మూడు వారాలకు ఎలెన్ నుంచి వచ్చింది, అదీ జయచంద్రకు. జరిగినదానికి చింతిస్తున్నాం, ఈ అనుభవాన్ని పాఠంగా తీసుకుంటాం, తర్జుమా చేసే వ్యక్తి విషయంలో మాత్రం ఇకపై జాగ్రత్త తీసుకోవాలని కోరుతున్నాం అని. జయచంద్ర ఆ ముక్క చంద్రిక చేతికిచ్చి చదవమన్నాడు.

"చూసినావా? నువ్వు రాసిందానికి తప్పు యాడికొచ్చి ఆగిందో. పేషెంటు చెప్పిందొకటి, నువ్వు చెప్పిందొకటి. నిన్ను పెట్టుకుని నేనేం చేసేది?"

"మీరు అక్కడే ఉన్నారు గదా సార్."

"నేనేమన్నా చెప్పినానా నీకు?"

చెప్పలేదు. ఆ మాట నిజం. చంద్రిక స్కూటీ తాళం బల్ల మీద పెట్టి బస్టాండుకు నడిచింది.

అనంతపురంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేరాక, ఆదివారాలు బస్సెక్కి శ్రీరంగప్ప ఇంటికి వచ్చేది. ఆయన కాళ్లు కదిపేది, వీపు మీద పుండ్లు పడకుండా ఎలా తిప్పాలో నాగలక్ష్మమ్మకు చూపేది. ఒక ఆదివారం ఆయన నిద్రపోయాక, వసారాలో కూర్చుని, నాగలక్ష్మమ్మకు అంతా చెప్పింది. ఆయన చెప్పొద్దన్నది కూడా చెప్పింది, కొంచెం ఊరట కోసమే అది చెబుతోందని మాట్లాడుతుండగానే తనకే తెలిసింది.

నాగలక్ష్మమ్మ చేటలో శనక్కాయలు ఒలుస్తూనే ఉంది.

"ఆయప్ప చెప్పొద్దన్నాడు. సరే. నలుగురు సూస్తాంటే నడవాలని ఆశ పడినాడు. ఆ పాపకు మన మాట రాదు. ఆ సారు సంగతి సరేసరి. నీకు చదువుండాది, మాటుండాది. నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

చంద్రిక తన ఉద్యోగం మాట ఎత్తబోయి ఆగిపోయింది.

"వచ్చే వారం వస్తావా?" అంది నాగలక్ష్మమ్మ, అదే గొంతుతో.

"వస్తా పెద్దమ్మా."

"రా. నాకొకదానికి తిప్పేది కుదరదు."

ఫిబ్రవరిలో మళ్లీ విద్యార్థులు దిగారు. ఆ సంగతి, ట్రస్టు ముందు రోగులు లైను కడుతున్న సంగతి, శ్రీరంగప్పకు ఆటో నడిపే ఓబిలేష్ చెప్పాడు. ఆదివారం చంద్రిక వెళ్లేసరికి ఆయన గడ్డం గీయించుకుని, కొత్త పంచె కట్టించుకుని ఉన్నాడు. వాకిట్లో ఆటో ఆగి ఉంది.

"పోదామంటాడు. వద్దంటే రెండు దినాలుగా అన్నం ముట్టల్యా" అంది నాగలక్ష్మమ్మ.

"పెదనాయనా, తుంటిలో కడ్డీ ఉండాది. వాళ్లేమీ చేయలేరు."

"నీకేం తెలుసు" అన్నాడు శ్రీరంగప్ప. "వాళ్లు సూస్తే తెలుస్తాది. గోడ మీద నా ఫోటో ఉండాదంట గదా. సూస్తానే గుర్తుపడతారు."

ఓబిలేష్ ఆయన్ను చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. శ్రీరంగప్ప మూలిగాడు. చంద్రిక సంచి కింద పెట్టి ముందుకొచ్చింది.

"అట్ల కాదన్నా. కుడికాలు అడ్డంగా రాకూడదు. నేను కాలు పట్టుకుంటా, నువ్వు నడుము దగ్గర పట్టు. పెద్దమ్మా, సీటు మీద దిండెయ్. లేపన్నా, నెమ్మదిగా."

ముగ్గురూ కలిసి ఆయన్ను ఆటోలోకి ఎక్కించారు. చంద్రిక కాలు సరిచేసి, దిండు మోకాలి కిందకు జరిపి, అక్కడ దించేటప్పుడు ముందు ఏ కాలు కదపాలో ఓబిలేష్‌కు రెండుసార్లు చెప్పింది. నాగలక్ష్మమ్మ ఎక్కి పక్కన కూర్చుంది. చంద్రికకు అక్కడ చోటుంది కానీ రమ్మని ఎవరూ అనలేదు. ఆమె కూడా వస్తాననలేదు.

శ్రీరంగప్ప తల బయటికి పెట్టి చూడను కూడా చూడలేదు.

"పోనియ్యిరా ఓబిలేష్," అన్నాడు. "లైను పెరిగిపోతాది."