పై వాటా కాగితం

బ్యాంకులో ఇంటి అప్పుల విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఫైళ్లలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఎంతమంది సొంతిళ్ల కాగితాల మీద నా ముద్ర పడిందో లెక్కలేదు. నేను మాత్రం ఇప్పటికీ రెండు గదుల అద్దె ఇంట్లో, పక్కవాళ్ల కుక్కర్ కూతకు నిద్రలేస్తాను.

అలాంటి నా టేబుల్ మీదికి మంగళవారం స్పాంజి ఫైలు వచ్చింది. స్పాంజి అంటే నా తోడల్లుడు, నా భార్య చెల్లెలి మొగుడు. పాత సోఫాలకు కొత్త గుడ్డ వేస్తాడు, అందుకే నేను పెట్టిన పేరది. వాడు కొనబోయే ఇల్లు ఏదో చూసి, అట్ట మీద అడ్రసు మళ్లీ చదివాను. మలుపులో పచ్చ గేటు ఉన్న మేడ. సాయంత్రం నడకలో ఆ గేటు దగ్గరికి రాగానే నా భార్య అడుగు నెమ్మదిస్తుంది. "ఊరికే చూస్తున్నాలెండి" అంటుంది. ఊరికే కాదని నాకు తెలుసు. "మన తాహతుకు మించింది, పద" అంటాను.

నా తాహతుకు మించింది వాడికెలా అందిందో చూద్దామని ఫైలు తెరిచాను. అందులో ఉన్నవన్నీ నా మాటలే!

ఆరు నెలల కిందట మా ఇంట్లో భోజనాల దగ్గర ఆఫీసు కబుర్లతో అందర్నీ నవ్వించాను.

"ఒకాయన ఇల్లు అమ్మే ముసలావిడనే వెనక గదిలో ఉండనిస్తాడట! అందుకని ఆవిడ సగం సొమ్ము పదేళ్ల వాయిదాల మీద తీసుకుంటుందట. ఇంకొకాయన కారు షెడ్డులోకి దుకాణం మార్చి, మిగిలిన అద్దెతో మా అప్పు తీరుస్తాడట. మరొకడైతే పై వాటాకి వచ్చే అద్దెని కూడా తన ఆదాయంలో కలపమంటాడు!"

అందరూ పడీపడీ నవ్వారు. స్పాంజి నవ్వలేదు.

"అలా చేస్తే బ్యాంకు ఒప్పుకుంటుందా అన్నయ్యా?"

"కాగితాలు సరిగ్గా ఉంటే ఎందుకొప్పుకోదు? కానీ ఎవడు పడతాడయ్యా అంత తంటా!"

వీడు పడ్డాడు. ఇల్లు అమ్ముతున్న రిటైరైన పంతులమ్మగారు వెనక గదిలోనే ఉంటారు. షెడ్డులోకి వీడి కుట్టుమిషన్లు వస్తాయి. పై వాటా అద్దెకిస్తాడు. నేను నవ్వులాటకు చెప్పిన మూడూ మూడు కాగితాలై ఫైల్లో కూర్చున్నాయి. తెలివి నాది, ఇల్లు వాడిది. అరికాలి మంట నెత్తికెక్కింది.

బంధువుల ఫైలు మేం చూడకూడదు. 'సంబంధం' అన్న గడిలో ఏమవుతారో రాసి పక్క టేబుల్‌కి ఇచ్చేయాలి. నేను ఆ గడి ఖాళీగా వదిలేసి, గంటన్నర సేపు తప్పు కోసం వెతికాను. చివరి కాగితంలో దొరికింది. పై వాటా ఒప్పందంలో అద్దెకు ఉండబోయేవాళ్ల పేరూ లేదు, సంతకమూ లేదు! 'శుక్రవారంలోగా సరిచేయనిచో ఫైలు మూసివేయబడును' అని ఎర్ర సిరాతో రాసి ముద్ర గట్టిగా గుద్దాను. పంతులమ్మగారు వాడికిచ్చిన గడువు కూడా ఆ శుక్రవారమే. ఆ పూట కాఫీ ఎంత బాగుందో చెప్పలేను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నా భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతిలో కొలతల టేపు.

"ఏవండీ, చెల్లివాళ్లు ఇల్లు కొంటున్నారట. ఏ ఇల్లో చెప్పుకోండి!"

"ఏ ఇల్లు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"పచ్చ గేటుది! పై వాటా మనకేనట. ఇప్పుడిక్కడ కడుతున్న అద్దే ఇవ్వమంటున్నారు. అంతా కుదిరాక చెప్పి మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నారట. మనల్ని అడక్కుండా మన పేరు రాయడం బాగుండదని మరిది ఆ కాగితం ఖాళీగానే ఇచ్చేశాడట, పిచ్చిమాలోకం. మీ బ్యాంకులో ఎవడో దాన్నే పట్టుకుని తిప్పికొట్టాడట. ఎవడండీ వాడు? ఒకళ్ల కొంప ముంచితే గానీ నిద్రపట్టదా?"

నేను మాట మార్చాను.

"ఆ టేపెందుకు?"

"మన కర్టెన్లు అక్కడికి సరిపోతాయేమో కొలుస్తున్నా" అంది.

జాలి పడతాడా నా మీద? వాడి మేడ మెట్లెక్కి, నెలనెలా నా జీతంతో వాడి అప్పు నేను తీర్చాలా? ఆఫీసు దూరమన్నాను, మేడ మీదికి నీళ్లెక్కవన్నాను. ఆవిడ టేపు చుట్టి డబ్బాలో పెట్టేసింది. గురువారం నడకలో పచ్చ గేటు ఇంకా దూరంగా ఉండగానే రోడ్డు దాటి అవతలి వైపు నడిచింది. అటు తిరిగి చూడలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆ కాగితంలో నా పేరు రాసి సంతకం పెట్టాను. 'సంబంధం' గడిలో తోడల్లుడు అని రాసి, ఫైలు పక్క టేబుల్ ఆవిడకిచ్చాను. ఆవిడ గడి చూసింది, ఎర్ర సిరా చూసింది, నన్ను చూసింది.

"సంబంధం మంగళవారమే రాయాలి కదండీ?"

"మంగళవారం వాడు నాకు పగవాడండీ" అన్నాను.

"మరి ఇవాళ?"

"ఇవాళా అంతే. కానీ మా ఆవిడ రోడ్డు దాటింది."

ఆవిడకేమీ అర్థం కాలేదు. మంజూరు ముద్ర తీసి ఫైలు మీద వేసింది.