పడమటి గోడ

రెండోసారి కూడా గోడ పగిలింది.

మా ఊరి చర్చికి ప్లాస్టరింగ్ చేసిన నాలుగో రోజుకే పడమటి గోడ మీద వెంట్రుకల్లాంటి బీటలు లేచాయి. మిగిలిన మూడు గోడలు బాగానే ఉన్నాయి. యల్లయ్య మామ పరంజా దిగి, తాపీని బకెట్లో పడేశాడు.

"ఈ గోడ నా మాట వినదు కోడలా. కట్టినోడి మాటే వింటది."

కట్టింది మా నాయన, నతానియేలు మేస్త్రీ. ఆయన ఆఖరున కట్టిన గోడ అది. స్లాబు పడిన నెలకే గుండె ఆగి పోయాడు. పని ఆగిపోయి, రెండేళ్లు ఆ ఇటుకలు అట్లాగే ఎండుతూ, తడుస్తూ ఉన్నాయి. ఈలోగా నేను డిప్లొమా ముగించి, మార్కాపురంలో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. చర్చి పని ఇప్పుడు ఆ కాంట్రాక్టరుదే.

ముసలి మేస్త్రీలతో పాటు వాళ్ల పనితనం కూడా పోతోందని మా ఆఫీసు వాళ్లు ఒక ఫారం తయారు చేశారు. మేస్త్రీలు పని చేస్తుండగా ఫోనులో వీడియో తీసి, వివరాలు అడిగి, ఆ ఫారం నింపడమే నా ఉద్యోగం. మాలులో ఇసుక ఎంత, సిమెంటు ఎంత, నీళ్లెన్ని. గిద్దలూరు, కంభం, దొనకొండ తిరిగి పదకొండు మందిని అడిగాను. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: "చూస్తే తెలుస్తది." ఆ గడి ఖాళీగానే ఉండిపోయేది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నాయనే గుర్తొచ్చేవాడు. ఊరూరా తిరిగి ఎవరెవరినో అడుగుతున్నాను, ఆయనను మాత్రం ఒక్కనాడూ అడగలేదు. సెలవుల్లో ఆయన పరంజా మీద ఉంటే, నేను కింద ఇసుక కుప్ప మీద పుస్తకం చదువుకునేదాన్ని.

సైటు ఇంజనీరు నరేష్ సార్ వచ్చి బీటల మీద వేలు పెట్టి చూశాడు.

"ఇంకొక్కసారి చేసి చూడండి. ఈసారీ పగిలితే ఇదంతా గీకేసి పైన పలకరాయి అంటిద్దాం. గోడే కనపడదు, గొడవే ఉండదు."

ఆయన బండి పోయిన తర్వాత కూడా చాలాసేపు ఆ గోడ ముందే నిలబడ్డాను.

"మామా, నాయన అయితే దీనికి ప్లాస్టరింగ్ ఎట్ల చేసేవాడు?"

యల్లయ్య మామ బీడీ వెలిగించాడు. "ఏముంది, తాపీ తిరగేసి పిడితో గోడను కొట్టేవాడు. టక్, టక్. ఏందిరా, తలుపు కొడతాండావా, లోపల ఎవురన్నా ఉండారా అని నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. కింద నుంచి మీ అమ్మ మాలు పంపేది, పూసేవాడు. మాలు ఎట్ల కలపాలో ఒక్కనాడు చెప్పగా నేనైతే ఇనలా. మీ అమ్మనే అడగరాదా?"

పదకొండు మంది మేస్త్రీలను వీడియో తీశాను. వాళ్లకు మాలు కలిపి అందించిన ఒక్క ఆడమనిషి వైపు కూడా ఫోను తిప్పలేదు.

మా అమ్మ రాహేలు ఇరవై ఏళ్లు నాయనకు మాలు కలిపింది. ఆయన పోయాక ఏ మేస్త్రీ పిలిచినా పోలేదు. పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి పోతోంది. నేను ఇంటికి పోయేసరికి గోంగూర ఒలుస్తూ ఉంది.

"అమ్మా, మాలులో నీళ్లెన్ని పోసేదానివి?"

"గోడ ఎన్నడిగితే అన్ని."

"గోడ అడుగుతాదా?"

అమ్మ చెయ్యి ఆగింది. "మీ నాయన అడిగించేవాడు," అని, ఒలిచిన ఆకు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున సద్ది గిన్నెతో చర్చి దగ్గర నిలబడి ఉంది.

"చేనికి పోలేదా అమ్మా?"

"పోదామనే బయల్దేరినా. కాళ్లు ఇటు వచ్చినాయి."

"రా చెల్లా," అన్నాడు యల్లయ్య మామ. "నీ మొగుని గోడ నన్ను ఏడిపిస్తాంది."

"నీకు ఏడ్చే తీరిక ఏడిదిలే అన్నా, బీడీలకే సరిపోయె."

అప్పటికే పాత ప్లాస్టరింగ్ గీకేశారు. అమ్మ గుప్పెడు ఇసుక తీసుకుని పిడికిలి బిగించి వదిలింది. అరచేతికి అంటిన మట్టి చూసుకుంది. తర్వాత తల ఎత్తి, "కొట్టన్నా," అంది. పరంజా మీది నుంచి మామ తాపీ పిడితో కొట్టాడు.

"గునపంతో పొడిచినట్టు కొడతావేంది? కృపా, నువ్వు ఎక్కు."

నేను ఫోనును ఇటుకల మీద అమ్మ వైపు నిలబెట్టి ఎక్కాను. తాపీ తిరగేసి పట్టుకున్నాను. ఎట్ల కొట్టాలో నేను ఎన్నడూ చూడలేదు గాని, చెవికి తెలుసు. టక్. కాస్త ఆగి, జానెడు పక్కన మళ్లీ టక్. ఇసుక కుప్ప మీద పేజీ తిప్పినప్పుడల్లా నాకు వినిపించింది అదే.

పైన గోడ కంచులా పలికింది. కిందికి వచ్చేకొద్దీ మొద్దుగా పలికింది.

"ఇన్నావా?" అంది అమ్మ. "సాయంత్రం దాకా ఎండంతా పైనే. ఆ ఇటుకకు దప్పిక. మాలు పెట్టంగానే నీళ్లు తాగేస్తది, ఇంక పగలక ఏం చేస్తది? కింద తడి ఉంది. మీరేమో గోడంతటికీ ఒకటే మాలు పెడితిరి."

యల్లయ్య మామ బీడీ కింద పడేశాడు. "ఇరవై ఏండ్లు నవ్వినాం గదమ్మా," అన్నాడు.

"నాయన నేర్పినాడా అమ్మా నీకు?"

"ఎవురూ నేర్పలా. కొత్తల్లో గోడ కొట్టి, నీళ్లు ఎక్కువ పొయ్యి అనో, తక్కువ పొయ్యి అనో అరిచేవాడు. పోను పోను అరిచేది మానేసినాడు. ఆ చప్పుడుకే నా చెయ్యి పోయేది."

పైభాగాన్ని రెండు పూటలా తడిపించింది. ఫోనును మళ్లీ అమ్మ వైపే నిలబెట్టి, మామ పూసేటప్పుడు నేను కొడుతూ పోయాను, అమ్మ చెంబు వంచుతూ పోయింది. ఒకచోట నిండు చెంబు, ఒకచోట సగం, ఒకచోట చెయ్యి ముంచి చిలకరించడమే.

వారం తర్వాత నరేష్ సార్ వచ్చి గోడ మీద నీళ్లు చల్లి, దగ్గరగా వంగి చూశాడు. ఒక్క బీట కూడా లేదు. పలకరాయి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఫారం ముందేసుకుని వీడియో పెట్టాను. అందులో అమ్మ చేతులు, మాలు, చెంబు మాత్రమే ఉన్నాయి. పరంజా మీద ఎవరున్నదీ కనపడదు. టక్ అని వినిపిస్తుంది, అమ్మ చెంబు వంచుతుంది. మళ్లీ టక్.

వాకిట్లో చీపురు చప్పుడు ఆగింది. అమ్మ లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది. ఫోను వైపు చూడలేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. వీడియో అయిపోయింది.

"ఇంకోసారి పెట్టు," అంది.

పెట్టాను. టక్ అనగానే ఒళ్లో ఉన్న ఆమె కుడిచెయ్యి కొద్దిగా ఒంగింది.