కొత్తనీళ్లు

గంగారత్నం నడుంలోతు నీళ్లలో నిలబడి చెవి రిక్కించింది. ఇంకా వెలుగు రాలేదు. చెరువంతా చేపలు మూతులు పైకెత్తి గుటకలేస్తున్నాయి. రెండు రోజుల మబ్బుకి నీళ్లలో గాలి తగ్గిపోయింది.

కోనసీమ రొయ్యల చెరువుల్లో ముప్పై ఏళ్లు నానిన ఒళ్లు అది. ఆ ఉప్పునీళ్లకి కాలిగోళ్లు ఊడిపోయాయి. మా బావులు ఉప్పగా చేశారంటూ ఊరు తిరగబడి గట్లు తెగ్గొట్టాక, కొండమీది ఇనప గనిలో పనిచేసే తమ్ముణ్ణి వెతుక్కుంటూ బస్తర్ వచ్చింది. తమ్ముడు బదిలీ మీద వెళ్లిపోయినా, కొండకింద ఊళ్లో ఆడవాళ్ల సంఘం తవ్విన చెరువుకి కాపలాగా ఉండిపోయింది.

రేపు మొదటి చేపల పట్టుబడి. గని మట్టి పక్కన పెరిగిన చేప తింటే రోగమని ఊరు సగం గొణుగుతోంది. రేపు తేడా వస్తే చెరువు పూడ్చేద్దామని పెద్దలు తేల్చేశారు. "మొదటి ముక్క నేను తింటాను. చస్తే నేనే చస్తాను" అని గంగారత్నం పంతం పట్టింది.

చేపలు తేలితే కొత్తనీళ్లు పెట్టాలి. కోనసీమలో పసిపిల్లకైనా తెలిసిన సంగతే. ఆవిడ గబగబా వెళ్లి తూము పలక ఎత్తేసింది. వాగునీళ్లు చెరువులోకి దూకాయి. హమ్మయ్య అనుకుని గట్టెక్కింది.

తెల్లారింది. చెరువు ఎర్రగా ఉంది.

రాత్రి కొండమీద కురిసిన వాన గని మట్టినంతా వాగులోకి దింపింది. పైన వాన పడితే ఇక్కడ తూము ముట్టుకోకూడదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, చేతులకి మాత్రం ఇంకా తెలియదు. పలక దించేసింది గానీ ఏం లాభం? శీలావతి చేపలు వెల్లకిలా తేలాయి. వెనకే బొచ్చెలు. మొప్పల నిండా ఎర్రబురద.

సంఘం పెద్ద ఇర్మె వచ్చి కొయ్యబారిపోయింది.

"ఏంది అక్కా ఇది? ఏమైంది?"

"నేనేనమ్మా, నేనే ఎత్తాను తూము. నోటికాడ కూడు చేతులారా నేలపాలు చేశాను. నీళ్ల రంగైనా చూసుకోలేదే!"

"గట్లనకు అక్కా. పెద్దలతోని నేను మాట్లాడ్త."

గంగారత్నం ఏడవలేదు. "రంగు చూసుకోలేదే" అని పదేపదే గొణుగుతూ గట్టుమీద చెట్టుకి చేరగిలబడింది. ఆడవాళ్లు గంపలకెత్తిన చేపలన్నీ ఆవిడ ముందునుంచే మోసుకెళ్లారు. మధ్యాహ్నానికి ఆ మాట కూడా ఆగిపోయింది. పోనీలే, కాస్త నిద్ర పట్టిందనుకున్నారు.

పొద్దుగూకేవేళ ఇర్మె జావ తెచ్చి భుజం తట్టింది. ఒళ్లు చల్లగా తగిలింది.

కప్పడానికి దుప్పటి కోసం ఆవిడ కాపలా గుడిసెలోకి వెళ్లింది ఇర్మె. మూలన తడిగుడ్డ కింద, రేపు ఊరంతా తినడానికి గంగారత్నం కుట్టి దొంతిపెట్టిన మోదుగాకు విస్తళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయి.