కోసిన టేపు

పన్నెండేళ్లు ఊళ్లోవాళ్ల పాటలకు వెనక నిలబడి బేస్ గిటార్ వాయించాక, లూషస్ టార్వర్‌కు తన పేరు మీద ఒక ఆల్బమ్ దొరికింది. సగం జాజ్, సగం రాక్. డెబ్భై అయిదులో ఫిలడెల్ఫియాలో ఎవర్ని కదిపినా అదే పిచ్చి. ఆరు పాటల్లో నాలుగు అయ్యాయి. మిగతా రెండూ శుక్రవారం లోపు ఇవ్వకపోతే ఆల్బమే లేదని కంపెనీవాళ్లు తెగేసి చెప్పారు.

బుధవారం మధ్యాహ్నం లూషస్ తిండి తిని స్టూడియోకి వచ్చేసరికి నేల మీద బారెడు టేపు ముక్క పడి ఉంది. రికార్డింగు చూసే ఇర్విన్ చేతిలో బ్లేడు. మెషీన్ మీదున్నది మొన్న తాను ఒళ్లు మరిచి ఒక్కడే సోలో వాయించిన రీలు.

"నా సోలో కోశావట్రా?"

"ముందు విను లూషస్..."

"వినడానికేం మిగిల్చావురా, కసాయి వెధవా!"

కోపం వస్తే లూషస్‌కు ముందూ వెనకా తెలియదు. ఇర్విన్ కాలర్ పట్టుకుని గోడకేసి బాదాడు. కళ్లజోడు పగిలింది. మోచేత్తో ముక్కు మీద పొడిస్తే రక్తం బొటబొటా కారింది. డ్రమ్స్ వాయించే బావమరిది క్లియోటిస్ పరుగెత్తుకొచ్చి నడుం పట్టి లాగితే, వాణ్నీ ఒక్క తన్ను తన్ని కింద పడేశాడు.

వాయించేవాళ్లకు ఒక నియమం ఉంది: కొట్టక తప్పకపోతే కాలితో కొట్టు, మోచేత్తో కొట్టు, పిడికిలి మాత్రం ఎత్తకు. బార్లలో ఎన్ని కొట్లాటలైనా లూషస్ దాన్ని మీరలేదు. ఆ రోజు మీరాడు. వాడిది పుట్టుకతో ఎడమచేతివాటం; తీగలు నొక్కేదీ ఆ చెయ్యే. దాన్నే బిగించి బలంకొద్దీ విసిరాడు. ఇర్విన్ తల వంచాడు. పిడికిలి గోడవారనున్న మెషీన్ ఇనుప అంచుకు తగిలి, ఎండుపుల్లలు విరిచినట్టు చప్పుడైంది.

"నేనే కొయ్యమన్నా బావా," నేల మీంచి మూలిగాడు క్లియోటిస్. "సోలో అయిపోయాక నా డ్రమ్ము కర్ర జారిపడింది. ఆ చప్పుడున్న ముక్క కోసి తీసెయ్యమన్నా. అంతే!"

ఇర్విన్ చొక్కాతో ముక్కు అదుముకుంటూ మీట నొక్కాడు. సోలో మొత్తం చెక్కు చెదరకుండా వినిపించింది.

"ఇట్లాంటిది నువ్వు కూడా మళ్లీ వాయించలేవనే, ఒక్క స్వరం పోకుండా కోశాను," అన్నాడు.

లూషస్ ఎడమచేతి వేళ్లు వంచబోయాడు. రెండు కదల్లేదు. స్పీకర్లలో అవే వేళ్లు పరుగులు తీస్తుంటే, వాడు నేల మీద కూలబడి గొడ్డులా ఏడ్చాడు.