ఎనిమిది రాతి తొట్లు

ఖమ్మం ఎండలో చలి కొండల మీద పెరిగే మొక్కలు అమ్మబోయిన సువర్ణకు మొదటి వారంలోనే బుద్ధి వచ్చింది.

ఏన్కూరు రోడ్డు మీద నర్సరీ పెట్టకముందు ఆమె పదహారేళ్లు మిర్చి యార్డులో వ్యాపారం చేసింది. సరుకును చూపుతోనే తూచే మనిషి. భద్రాచలంలో లాడ్జి కట్టించిన జగదీష్ ఫోన్లో ఒక బొమ్మ చూపించి, "గిట్ల చిన్న చిన్న గుట్టలు, రాళ్ల సందుల మొక్కలు, ఎనిమిది రాతి తొట్లల్ల కావాలె. ఓపెనింగ్ నాటికి మెట్ల పక్కన ఉండాలె" అంటే సరేనంది. ఊటీ నుంచి తెప్పించిన మొక్కలు ఏప్రిల్ ఎండకు ఏడో రోజుకే ఎండుగడ్డి అయ్యాయి.

"ఇంకో చాన్స్ ఇస్తున్న. లేకుంటే సిమెంటు కుండీలు పెట్టుకుంట" అన్నాడు జగదీష్.

ఆ మెట్ల పక్కన తన తొట్లు నిలిస్తే గోదావరి ఒడ్డున మిగతా లాడ్జీలవాళ్లూ తన దగ్గరికే వస్తారని సువర్ణ లెక్క. ఇక్కడి బండ మీద బతికేదే కావాలనుకుని అడవి పల్లెలో ఉండే బొజ్జయ్యను అడిగింది. అతను గుట్ట మీద పెరిగే కుందేటికొమ్ములనే ఆకుల్లేని మొక్కల కాడలు చేత్తో విరిచి సంచి నిండా తెచ్చాడు.

"వేర్లు ఏవి బొజ్జన్నా?"

"ఇత్తనాలకు ముందు చేసే భూమి పండుగ కాలే గదక్కా. గప్పటిదాంక మేం నేలల గడ్డపార దించం."

తొట్ల అడుగున పెంకుముక్కలు, పైన గరుకు ఇసుక, మొరం పోశారు. సువర్ణ రాళ్లు పేర్చబోతే బొజ్జయ్య ఆపాడు. "పారేసినట్టు కాదక్కా, సగం పాతాలె. రాళ్ల పొరలన్నీ ఒక్క దిక్కే వాలాలె. గప్పుడు గుట్ట లెక్క ఉంటది." ముక్కలు గుచ్చి, పోతూ పోతూ చెప్పాడు. "వేరొచ్చేదాంక చుక్క నీళ్లు పొయ్యకు. పదిహేను రోజులు."

ఎనిమిదో రోజు జగదీష్ చూడ్డానికి వస్తున్నానని ఫోన్ చేశాడు. ముడతలు పడ్డ ముక్కలను చూస్తే సువర్ణకు మనసు ఒప్పలేదు. యార్డులో మిర్చి బస్తాకెత్తే ముందు నీళ్లు చిలకరిస్తే కాయ విరగదు, రంగు తేలుతుంది. ఆ అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? తొట్టికి చెంబెడు చొప్పున చల్లింది. ఆరు తొట్లు కాగానే ట్యాంకు అడుగున ఉన్న కాసిని నీళ్లూ అయిపోయాయి. జగదీష్ వచ్చి, తడి నిగనిగలు చూసి మెచ్చుకుని పోయాడు.

నాలుగు రోజులకు ఆ ఆరు తొట్లలో ముక్కలు మొదళ్ల దగ్గర మెత్తబడి, గోరు తాకితే జారిపోయాయి.

బొజ్జయ్య వచ్చి వాసన చూశాడు. "నీళ్లు పోసినవా?"

"జర చిలకరించిన."

"ఉపాసమున్న మనిషికి బిర్యానీ తినిపిస్తే గిట్లనే అయితది."

ఓపెనింగ్ ఇంకో మూడు రోజుల్లో ఉంది. పచ్చి ముక్కలు తెచ్చి గుచ్చితే రిబ్బన్ కత్తిరించేదాకా ఎవరూ కనిపెట్టరు. ఆ తడి మట్టిలో నెలలోపు అవీ కుళ్లుతాయి, చెడ్డపేరు మాత్రం తనకు మిగులుతుంది. సువర్ణ ఆ ఉపాయం వదులుకుంది. మిగిలిన రెండు తొట్లలో ఒక ముక్కను మెల్లగా లాగి చూసింది. రాలేదు. వేరు పట్టింది. ఓపెనింగ్ రోజు పొద్దున్నే ఆ రెండింటినీ ట్రాలీ ఆటో ఎక్కించి తీసుకుపోయింది.

"ఎనిమిదని చెప్పి రెండు తెచ్చినవ్, ఏంది గిది?" అన్నాడు జగదీష్.

"ఆరు నా చేత్తోనే కుళ్లబెట్టినన్నా. నీళ్లు పోసి. ఇవి నేను ముట్టలే, గందుకే బతికినయ్. తొలకరి పడి భూమి పండుగ కాంగనే, వేర్లతోటి తెచ్చి ఆరూ పెట్టిస్త."

వాళ్లు మాట్లాడుతుండగానే లాడ్జిలో ఊడ్చే పుష్ప మగ్గుతో నీళ్లు తెచ్చి తొట్టి మీద వంచబోయింది. సువర్ణ ఎగిరి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు చెల్లే!"

"ఎండిపోతున్నయ్ గదక్కా, పాపం!"

జగదీష్‌కు నవ్వు ఆగలేదు. "నీళ్లు పోసేది నువ్వొక్కదానివే అనుకున్న."

అతను నవ్వుతున్నప్పుడే సువర్ణ మాట కలిపింది. "తొట్లు నీయి, నీళ్లు నాయి. పదిహేను రోజులకోపారి నేనే వచ్చి చూస్త. నీవోళ్లు ముట్టొద్దు. దానికి నెలనెలా ఇయ్యాలె."

"నీళ్లు పొయ్యనందుకు జీతమా?"

"అవ్. పోసేటోళ్లు శానామంది దొరుకుతరు."

జగదీష్ మెట్ల పక్కన ఖాళీ జాగాలు లెక్కపెట్టాడు. "సరే, నెలనెలా ఇస్త. తొలకరిదాంక మిగిలిన జాగల సిమెంటు కుండీలు పెడ్త. తర్వాత నీ ఆరూ రావాలె మరి" అన్నాడు. సువర్ణ తలూపి, తొట్లను ఎండ తగిలే మెట్టు మీదికి జరపమని ఆటో అతన్ని కేకేసింది.